ఫోను ఒకరిది, వేలు ఇంకొకరిది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పెద్దగా చదువుకోని, ఖరీదైన ఫోన్లు లేని జనం కోసం మొబైల్ అప్లికేషన్లు ఎలా తయారుచేయాలన్న విషయం మీద ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాము. చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాము. రాసినవారి పేర్లు తీసివేసి, ఉత్తరాలను కొంత కుదించాము.

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గర నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, రైలు టికెట్లు, దర్శనం టికెట్లు, పింఛను కాగితాలు, అన్నీ ఆన్‌లైన్‌లో చేసిపెడతాను. వచ్చినవాళ్ళు ఫోను నా చేతికిచ్చి "నువ్వే చూడు నాయనా" అంటారు. ఓటీపీ కూడా నేనే చదువుకోవాలి. ఒక పోర్టల్‌లో ఒక ఫోను నంబరుకు ఒక్కరినే నమోదు చేయనిస్తారు. ఇంట్లో నలుగురికీ ఒకే ఫోను ఉంటే నా నంబరో, మా తమ్ముడి నంబరో వేయక తప్పడం లేదు. ఇందులో ప్రమాదం ఉందని నాకు తెలుసు. వీటిని తయారుచేసేవాళ్ళు మాలాంటివాళ్ళను లెక్కలోకి తీసుకోరా?
– షాపు యజమాని, తిరుపతి

జవాబు: చాలామంది తీసుకోరు. ఒక మనిషికి ఒక ఫోను, ఒక ఈమెయిలు, మధ్యలో తెగని ఇంటర్నెట్టు ఉంటాయన్న ఊహ మీదనే ఈ పోర్టళ్ళలో ఎక్కువ భాగం కట్టారు. మీ షాపు ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్ళ విషయంలో ఆ ఊహ చెల్లదు. ఫోను కొడుకుది, సిమ్ము భర్త పేరు మీద ఉంది, దరఖాస్తు కోడలిది, నొక్కే వేలు మీది. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ పరిశోధకులు 2010 ప్రాంతంలో ఈ సంగతినే ప్రత్యేకంగా పరిశీలించి, పేదల బస్తీల్లో ఒకరి కోసం ఇంకొకరు ఫోనునో కంప్యూటరునో వాడిపెట్టడం అరుదైన విషయమేమీ కాదని, మామూలు వాడుకే అలా ఉంటుందని రాశారు. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలోనూ నాకు కనిపించిన అసలు సమస్య ఇదే కనుక, మీ ఉత్తరాన్ని ముందు పెట్టాను.

పక్కన ఉండి సాయం చేసే మనిషిని లెక్కలోకి తీసుకుంటే ఏమవుతుందో కెన్యాలో చూడవచ్చు. అక్కడ సఫారికామ్ సంస్థ 2007లో మొదలుపెట్టిన ఎం-పెసా అతి మామూలు ఫోన్లలో, సిమ్ కార్డులోనే ఇమిడి ఉన్న మెనూతో నడిచింది. అది ఒక కారణం. వీధి చివరి దుకాణదారును ఏజెంటుగా ఆ వ్యవస్థ లోపలే కూర్చోబెట్టడం అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం. నగదు జమ చేయడం, నగదు తీసుకోవడం ఆయన దగ్గరే జరుగుతాయి, ఆ పనికి ఆయనకు కమీషను ఉంటుంది, ప్రతి లావాదేవీ తరువాత ఇద్దరి ఫోన్లకూ మెసేజి వస్తుంది. రహస్య సంఖ్యను మాత్రం ఖాతాదారు తన ఫోనులో తానే నొక్కాలి. సాయం చేసేవాడి పరిధి ఎంతవరకో, ఎక్కడ ఆగాలో ముందే గీత గీశారన్నమాట.

మన దగ్గర దరఖాస్తు ఫారాలు తయారుచేసేవాళ్ళు కూడా ఆ గీతను గీయవచ్చు. ఫోను నంబరును మనిషికి గుర్తుగా కాక, కబురు పంపే చిరునామాగా మాత్రమే చూస్తే, ఒక నంబరు కింద నలుగురిని నమోదు చేయడానికి అడ్డేమీ ఉండదు. ఫారం చివర "ఎవరి సాయంతో నింపారు" అన్న గడి ఒకటి పెట్టి, మీలాంటివారికి సొంత గుర్తింపు సంఖ్య ఇస్తే, మీరు దొంగచాటుగా సొంత నంబరు వేయాల్సిన పని తప్పుతుంది, రేపు ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది. కావలసిన కాగితాల జాబితా మొదటి పేజీలోనే ఉండాలి. ఏడో పేజీకి వచ్చాక కుల ధ్రువీకరణ పత్రం అడిగితే ఆ ముసలాయన మళ్ళీ బస్సెక్కి ఊరికి పోవాలి. సగం నింపిన ఫారం కొన్ని రోజులు అలాగే భద్రంగా ఉండాలి. ఓటీపీ మెసేజిలో అంకెల కంటే ముందు అది దేనికోసమో తెలుగులో రాయాలి. "మీ ఖాతా నుంచి డబ్బు పంపడానికి" అన్న మాట మొదట కనబడితే, పక్కన నిలబడ్డ మనవరాలైనా చదివి ఆపగలదు.

ఇంకొక చిక్కు అంగీకారానిది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, మనిషి వివరాలు తీసుకునే ముందు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. అయినా "నేను అంగీకరిస్తున్నాను" అన్న గడిలో టిక్కు పెట్టేది మీరైనప్పుడు ఎవరు అంగీకరించినట్టు? ఆ నోటీసులోని నాలుగు వాక్యాలను ఫోను పైకి చదివి వినిపించే బొత్తం ఒకటి ఉంటే, కనీసం ఆ మనిషి చెవిన పడుతుంది. మీ వంతుగా మాత్రం పని ముగియగానే డౌన్‌లోడ్స్‌లోనూ వాట్సాప్‌లోనూ మిగిలిపోయిన ఆధార్ కాపీలను చెరిపేయండి, పాస్‌వర్డులను షాపు పుస్తకంలో రాసిపెట్టకండి.

ప్రశ్న: ఇంజినీరింగ్ పూర్తిచేసి, పాల కేంద్రాల కోసం ఒక యాప్ తయారుచేశాను. చిత్తూరులో ఆఫీసులో చూపించినప్పుడు చక్కగా పనిచేసింది. ఊళ్ళో కేంద్రం నడిపే అక్క మాత్రం ఉదయం, సాయంత్రం పుస్తకంలోనే రాసుకుని, రాత్రి తీరిగ్గా యాప్‌లోకి ఎక్కిస్తోంది. కొన్నిసార్లు ఒకే రైతు పాలు రెండుసార్లు నమోదవుతున్నాయి. ఆమెకు మళ్ళీ శిక్షణ ఇవ్వాలా?
– యువ పాఠకుడు, పలమనేరు

జవాబు: శిక్షణ ఆమెకు అక్కరలేదు. ముందు తెల్లవారుజామున వెళ్ళి ఆమె పక్కన ఒక గంట నిలబడి చూడండి. క్యాన్లు, చెంబులు వరుసలో ఉంటాయి, పాలు కొలవాలి, శాంపిల్ తీసి మిషన్‌లో పెట్టాలి, వ్యాను వచ్చేలోగా అందరివీ పోయించుకోవాలి. ఆమె చేతులు తడిగా ఉంటాయి, తడి వేలికి టచ్ స్క్రీన్ సరిగా లొంగదు. పుస్తకంలో అయితే రైతు నంబరు, లీటర్లు, ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్.ఎన్.ఎఫ్. (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) ఒకే వరుసలో రాసేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఎదుట నిలబడిన రైతు తల వంచి ఆ అంకెను చూసి "నాలుగు పాయింట్ రెండు కాదమ్మా, మిషన్‌లో నాలుగు పాయింట్ ఐదు చూపించింది" అని అక్కడికక్కడే అనగలడు. మీ యాప్‌లో ఆ అంకె ఆమె వైపు తిరిగి ఉన్న చిన్న అద్దం లోపలికి వెళ్ళిపోతుంది. పాలు పోసినవాడికి అది కనబడకపోతే పదిహేను రోజుల బిల్లు దగ్గర తగాదా తప్పదని ఆమెకు తెలుసు, అందుకే పుస్తకాన్ని వదలడం లేదు.

కాబట్టి మొదట బయటికి కనిపించేది సరిచేయండి. నమోదు కాగానే ఆ అంకెలు స్క్రీన్ నిండా పెద్దగా రావాలి, ఫోను వాటిని పైకి చదవాలి, వీలైతే 58 మి.మీ. కాగితం మీద అచ్చువేసే చిన్న బ్లూటూత్ ప్రింటరుతో చీటీ రావాలి. పాలు పోయడానికి వచ్చేది చాలాసార్లు ఆ ఇంటి పిల్లవాడు. అంకె గుర్తుపెట్టుకుని ఇంట్లో చెప్పడం కంటే చీటీ తీసుకుపోయి ఇవ్వడం వాడికి తేలిక. పేరు టైపు చేయించకండి, రైతు నంబరు చాలు. ఫ్యాట్‌కు మామూలుగా ఒకే దశాంశం రాస్తారు గనుక 42 అని కొడితే 4.2గా దానంతట అదే మారాలి. ఆవు పాలకు పొరపాటున 9.5 అని పడితే "సరేనా?" అని అడగాలి తప్ప ముందుకు పోనివ్వకుండా ఆపకూడదు, వరుసలో వెనుక పదిమంది ఉన్నారు.

ఇక రెండుసార్లు ఎక్కడం గురించి. మీ యాప్ ప్రతి నమోదునూ నేరుగా సర్వరుకు (లెక్కలన్నీ దాచే దూరపు కంప్యూటరుకు) పంపి, సర్వరు సరేనన్నాకే "సేవ్ అయింది" అంటున్నట్టు మీ ఉత్తరాన్ని బట్టి తోస్తోంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట సమాచారం సర్వరుకు చేరుతుంది గానీ, చేరినట్టు తిరిగి రావలసిన కబురు దారిలో పోతుంది. ఆమె స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది, విసిగి మళ్ళీ నొక్కుతుంది. దీనికి మందు రెండు భాగాలు. మొదటిది, నమోదు ముందు ఫోనులోనే నిలవాలి, నెట్టు దొరికినప్పుడు తరువాత వెళ్ళాలి. ఇందుకు కావలసిన, సమాచారాన్ని ఫోనులోనే పట్టికలుగా దాచే ఎస్‌క్యూలైట్ అనే సాఫ్ట్‌వేర్ 2000లో మొదలైంది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోనూ ముందే ఉంటుంది. రెండవది, ప్రతి నమోదుకు ఫోనే ఒక ప్రత్యేక సంఖ్య ఇవ్వాలి. యూయూఐడీ అనే 128 బిట్ల పొడవైన సంఖ్య అందుకు సరిపోతుంది, వేర్వేరు ఫోన్లలో పుట్టినవైనా రెండు ఒకటే అయ్యే భయం ఆచరణలో లేదు. అదే సంఖ్యతో అదే నమోదు పదిసార్లు వచ్చినా సర్వరు ఒకసారే రాసుకుని, ప్రతిసారీ "అందింది" అని జవాబివ్వాలి.

దిద్దుబాట్లను మన పాత షావుకార్లు చిట్టాలో చేసినట్టే చేయండి. రాసినదాన్ని చెరపకుండా, తప్పును రద్దు చేసే పద్దు ఒకటి, సరైన పద్దు ఒకటి కింద చేర్చాలి. భర్త తన ఫోనులో, ఆ అక్క తన ఫోనులో రాస్తున్నప్పుడు "చివరగా వచ్చినదే నిలుస్తుంది" అన్న సూత్రం పెట్టుకుంటే ఒకరి పద్దు ఇంకొకరిది మింగేస్తుంది. ఇద్దరివీ చేర్చుకుంటూ పోతే ఏదీ పోదు. ఫోనులోని గడియారాన్ని కూడా పూర్తిగా నమ్మకండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి మళ్ళీ వెలిగిన పాత ఫోనులో తేదీ ఏదైనా ఉండవచ్చు. ఫోను చెప్పిన సమయం, సర్వరుకు అందిన సమయం, ఆ ఫోనులో అది ఎన్నో నమోదు అన్న వరుస సంఖ్య, మూడూ దాచుకోండి.

ఇవన్నీ పంపడానికి పెద్ద నెట్టు అక్కరలేదు. 200 మంది రైతులు రెండు పూటలా పోస్తే 400 నమోదులు, ఒక్కొక్కటి 250 బైట్లనుకుంటే రోజుకు 1,00,000 బైట్లు. మీరు యాప్ మొదటి పేజీలో పెట్టే ఆవు ఫొటో ఫోను కెమెరాతో తీసినది తీసినట్టే మూడు ఎంబీ ఉంటే, అది నెల రోజుల లెక్కలంత బరువు. ఆ ఆవును తీసేయండి.

ప్రశ్న: మా బృందం తయారుచేస్తున్న యాప్‌ను ఎలాంటి ఫోనులో పరీక్షించాలి?
– బీటెక్ విద్యార్థి, చిత్తూరు

జవాబు: మీ చేతిలో ఉన్నదానిలో మాత్రం వద్దు. ఒక జీబీ, అంతకంటే తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ల కోసం గూగుల్ 2017లో ఆండ్రాయిడ్ గో అనే తేలిక రకాన్ని ప్రకటించింది. అలాంటి పాత ఫోను ఒకటి సెకండ్‌హ్యాండ్ దుకాణంలో కొని, దాని మెమరీని గుడ్ మార్నింగ్ బొమ్మలతోనూ పెళ్ళి వీడియోలతోనూ నింపి, పగిలిన స్క్రీన్ గార్డును అలాగే ఉంచి, బ్రైట్‌నెస్ తగ్గించి, మధ్యాహ్నం ఎండలో నిలబడి వాడి చూడండి. తెలుపు మీద లేత బూడిద రంగు అక్షరాలు ఎంతమందికి కనబడవో అప్పుడు తెలుస్తుంది. డబ్బు పంపుతున్న క్షణంలో ఏరోప్లేన్ మోడ్ నొక్కండి, ఫారం నింపుతుండగా ఎవరితోనైనా ఫోను చేయించుకోండి. ఆ తరువాత ఫోనును మీ యాప్ ఎన్నడూ చూడని మనిషికి ఇచ్చి, మీరు నోరు మెదపకుండా కూర్చోండి.

ప్రశ్న: మా ప్రాజెక్టులో భాగంగా మహిళా సంఘాల పొదుపు లెక్కల యాప్ చేస్తున్నాము. అంతా తెలుగులోనే ఉండాలని నేను, ఇంగ్లీషులో ఉంటేనే అలవాటని నా స్నేహితురాలు వాదించుకుంటున్నాము. తెలుగు పెట్టినచోట అక్షరాలు తెగిపోతున్నాయి కూడా. దారి చెప్పగలరా?
– ఎంసీఏ విద్యార్థిని, తిరుపతి

జవాబు: తెలుగే పెట్టండి, కాని ఏ మాటలు పెట్టాలన్నది సంఘం సమావేశంలో కూర్చుని వినండి. వాళ్ళు "లోను", "కంతు", "వడ్డీ", "తీర్మానం" అంటుంటే, నిఘంటువు వెతికి ఇంకో మాట తేవాల్సిన పని లేదు. అంకెలు 1, 2, 3లుగానే ఉండాలి, తెలుగు అంకెలు ఇప్పుడు చదివేవాళ్ళు బహు తక్కువ. లక్షను 1,00,000 అని మన పద్ధతిలో విడదీయండి. సంఘంలో చదవడం రానివారు ఉంటే బొమ్మలు, మాట రెండూ కావాలి. పరిశోధకురాలు ఇంద్రాణి మేధి బెంగళూరులో ఇళ్ళలో పనిచేసే మహిళలతో కలిసి, అక్షరం లేకుండా బొమ్మలూ మాటలతో నడిచే తెరల మీద చేసిన పరిశోధన 2006లో వెలువడింది, మీ ప్రాజెక్టుకు దాన్ని చదవడం మేలు.

అక్షరాలు తెగడానికి కారణం మీ బొత్తాల ఎత్తు. ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి కట్టిన పెట్టెలో మన ఒత్తులు కిందా, గుడులు పైనా పట్టవు. వరుసల మధ్య ఎడం పెంచండి, పెట్టె ఎత్తును అక్షరాన్ని బట్టి పెరగనివ్వండి. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరమే అయినా కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్ పట్టికలో ఆరు గుర్తులు, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. పేరు 20 గుర్తులు దాటకూడదని గిరిగీస్తే ఏదో ఒక ఒత్తు మధ్యలో నరికినట్టవుతుంది. ఎస్సెమ్మెస్ ఖర్చు కూడా ఇక్కడే పెరుగుతుంది: ఇంగ్లీషులో ఒక మెసేజికి 160 గుర్తులు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయి. పెద్ద కంపెనీలకే ఇది తలనొప్పి, 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, ఆపిల్ ఐఫోన్లను నడిపే ఐఓఎస్‌కు 11.2.6 అనే కొత్త కూర్పు తెచ్చి దాన్ని సరిచేయాల్సి వచ్చింది.

పేరుకు ఒకే గడి పెట్టండి. ముందు పేరు, చివరి పేరు అని విడదీస్తే ఇంటిపేరు ముందు రాసేవాళ్ళు ఒకలా, తమిళనాడు సరిహద్దు ఊళ్ళలో తండ్రి పేరులోని మొదటి అక్షరం మాత్రమే వాడేవాళ్ళు ఇంకోలా నింపుతారు. పుట్టిన తేదీ తెలియనివారికి సంవత్సరం రాస్తే చాలనాలి. ఆ సరిహద్దు ఊళ్ళలో ఇంట్లో తమిళం, బడిలో తెలుగు నేర్చినవారు ఒకే సంఘంలో ఉంటారు కాబట్టి, భాష ఎంపిక ఫోనుకు కాక మనిషికి ముడిపడి ఉండాలి, మార్చుకునే గుర్తు మొదటి తెర మీదే కనబడాలి. పుస్తకం రాసే ఆమె ఫోనులోనే అందరి లెక్కలూ ఉంటాయి. ఆ ఫోనుతో ఇంట్లో పిల్లలు ఆడుకుంటారు, భర్త మాట్లాడతాడు. ఎవరి అప్పు ఎంతో వాళ్ళకు కనబడకుండా యాప్‌కు విడిగా తాళం సంఖ్య ఉండాలి, మెసేజి వచ్చినప్పుడు తెర మీద మొత్తం రూపాయలు బయటపడకూడదు.

ప్రశ్న: 2002లో కంప్యూటర్లు తయారుచేసే హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ మా కుప్పంలో ఐ-కమ్యూనిటీ అని పెట్టి, ఊళ్ళలో సమాచార కేంద్రాలు తెరిచింది. అప్పట్లో నేనూ ఒక కేంద్రానికి వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు ఎవరు ఏ యాప్ తెచ్చినా అదే గుర్తుకొస్తుంది. ఇవి నిలబడేదెలా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కుప్పం

జవాబు: అయ్యా, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఆ కంపెనీ చేపట్టిన ఆ కార్యక్రమాన్ని మూడేళ్ళకని మొదలుపెట్టారు. అందులో నాకు నచ్చిన పని మహిళా సంఘాల సభ్యులకు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటరు ఇవ్వడం. గుర్తింపు కార్డులకు, శుభకార్యాలకు ఊళ్ళోనే ఫొటోలు తీసి, అక్కడే అచ్చువేసి ఇచ్చి వాళ్ళు డబ్బు సంపాదించుకున్నారు. కరెంటు లేనిచోట కూడా ఆ ప్రింటరు పనిచేసింది, ఫొటో కోసం పట్నం పోనక్కరలేని ఊరివాళ్ళకు దాని విలువ ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. ఇక్కడ కూడా కెమెరా పట్టుకున్నది ఒకరు, అవసరం ఇంకొకరిది. మధ్యనున్న మనిషికి కూలి గిట్టుబాటు కావడం వల్లనే ఆ పని నడిచింది.

యాప్‌లకు మూడేళ్ళ గడువు కూడా ఉండదు. డబ్బు ఆగిన నెలలోనే సర్వరు అద్దె, ఎస్సెమ్మెస్ ఖర్చు, డొమైన్ రుసుము నిలిచిపోతాయి. కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు యాప్‌ను ఎప్పటికప్పుడు మార్చాలని ప్లే స్టోర్ ఏటేటా గడువు పెడుతుంది. మార్చకపోతే కొత్త ఫోన్లు కొన్నవాళ్ళకు అది స్టోర్‌లో దొరకదు. తయారుచేసిన కుర్రవాడు హైదరాబాదులో ఉద్యోగంలో చేరిపోతే ఆ మార్పు చేసేవాళ్ళుండరు. అందుకే కొత్త యాప్ అవసరమా అన్న ప్రశ్న మొదటే అడగాలి. 2025 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో పౌరసేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. జనం ఫోనుల్లో ముందే ఉన్నదాని మీద కట్టడం వల్ల కొత్తగా ఎక్కించుకోవాల్సింది ఏమీ లేకపోయింది. స్మార్ట్‌ఫోనే లేనివారికి డబ్బు చెల్లింపుల కోసం ఇంటర్నెట్టు లేకుండానే డయల్ చేసే *99# ముందు నుంచీ ఉంది, 2022 మార్చిలో మామూలు ఫోన్ల నుంచి చెల్లించే యూపీఐ 123పే కూడా వచ్చింది.

మీ ఊరికి ఎవరైనా యాప్ తెస్తే, డబ్బు ఆగిన తరువాత దాని ఖర్చు ఎవరు భరిస్తారో రాసివ్వమనండి, ఊరివాళ్ళ లెక్కలన్నీ ఎక్సెల్ పట్టికగా ఒక్క నొక్కుతో బయటికి తీసుకునే వీలు ఉందో లేదో మొదటి రోజే తీసి చూపించమనండి. అది చూపించలేనివాళ్ళకు సంఘం పుస్తకాలు అప్పగించకండి.